తెలుసా, ఎర్కనా

తార్నాకలో టైర్ల షాపు మీద రెండో అంతస్తు.
కింద గాలి కొట్టే మిషను బుసకొట్టినప్పుడల్లా
పైన నుజ్హత్ మేడం వాక్యం మధ్యలో ఆగుతుంది.
బోర్డు మీద రెండు క్రియలు:
సాబెర్. కొనోసెర్.
"ఇంగ్లీషులో ఇద్దరికీ ఒకటే చొక్కా,
ఒకడికి బిగుతు, ఇంకొకడికి వదులు" అంటుంది.

లెక్క తెలిస్తే సాబెర్, ఈత తెలిస్తే సాబెర్,
దుకాణం ఎన్నింటికి మూస్తారో తెలిస్తే సాబెర్.
మనిషి తెలియాలంటే, ఊరు తెలియాలంటే
కొనోసెర్. ఒక్కసారైనా ఎదురుపడి ఉండాలి.
రాసుకున్నాం.
జీడిమెట్ల మందుల కంపెనీ నుంచి
రెండు బస్సులు మారి వచ్చిన నలుగురం,
నోట్సులో ఇంగ్లీషు మాట ఒకటి, దాని కింద రెండు బాణాలు.

చివరి బెంచీలోంచి లింగస్వామి చెయ్యెత్తాడు.
ప్యాకింగ్ సెక్షన్. వేళ్ళకింకా అట్టపెట్టెల జిగురు.
"ఒకటి తెల్సుడు, ఇంకోటి ఎర్కుండుడు.
గంతే గదా మేడం?"

క్లాసు నవ్వింది. మేడం నవ్వలేదు.
చాక్‌పీసు కింద పెట్టి, పొడి దులుపుకుని
"మా ఇంట్లోనూ రెండున్నాయి, జాన్‌నా, పెహచాన్‌నా.
పద్దెనిమిదేళ్ళుగా పాఠం చెప్తున్నా
తార్నాక నుంచి హబ్సిగూడకి
పటాన్‌చెరు మీదుగా తీసుకెళ్తున్నానన్నమాట మిమ్మల్ని" అంది.

మా తెనాలిలో ఎరుక అంటే
మిట్టమధ్యాహ్నం వీధి చివర వినబడే మాట,
ఎరుక చెబుతానమ్మా ఎరుక, అని.
అమ్మ తలుపు సగం వేసేది.
ఇక్కడ అది కూరగాయల బండి దగ్గరా చెల్లుతుంది.
వచ్చి నాలుగేళ్ళయినా
నా నోట్లో మాత్రం చెల్లలేదు.

ఆ రాత్రంతా నాకు గర్వంగానే ఉంది,
చొక్కాలు మన బీరువాలోనే ఉన్నాయి కదా అని.

మర్నాడు ఆఫీసులో అరెకీపా నుంచి వచ్చిన ఉత్తరం,
అప్పటికే మూసేసిన ఫైలు, ఊరికే తిరగేశాను.
మొగుడి బీపీ మాత్రలు రంగు మారాయని ఒకావిడ రాసింది.
మిషను చేసిన ఇంగ్లీషులో: మూడుసార్లు అడిగాను.
దాని పక్కన నా చేత్తో నేనే: మూడుసార్లు అడిగింది.
కింద మేనేజరు సంతకం: ప్రశ్న. జవాబు పంపడమైనది.

అసలు కాగితం తీశాను.
లో పెదీ, అని ఉంది. ప్రెగుంతే అని లేదు.
ఆవిడ సందేహం అడగలేదు.
మాత్రలు అడిగింది.
మూడుసార్లు చెయ్యి చాపితే
మూడుసార్లు వివరణ పెట్టాం అందులో,
మర్యాదగా, కంపెనీ ముద్ర వేసి.

అడగడం. మన దగ్గరా ఒకటే చొక్కా.
దారి అడిగినా, అప్పు అడిగినా,
పేరు అడిగినా, అన్నం అడిగినా.
ఎవరు ఏది అడుగుతున్నారో
గొంతు చూసి పోల్చుకోవాలి.
కాగితానికి గొంతు ఉండదు.
ఫైలు మళ్ళీ తెరిచాను. మేనేజరు మొహం ముడిచాడు. పెట్టె వెళ్ళింది,
చేరిందో లేదో ఇంకా తెలియదు.

శనివారం క్లాసయ్యాక బస్టాపులో
లింగస్వామికి ఇదంతా చెప్పాను.
విని, కాసేపు రోడ్డు చూసి,
"బోరబండల మా గల్లీ ఎర్కనా నీకు?" అని అడిగాడు.

స్టాఫు రిజిస్టరు నేనే టైపు చేశాను.
అతని ఇంటి నంబరు, పిన్ కోడు, రక్తం గ్రూపు,
ఓవర్‌టైము గంటలు, అన్నీ నోటికొచ్చు.
తెలుసు, అన్నాను.

"తెలుసా, ఎర్కనా?"

అడిగాడు అన్నాను కదా.
ఏ అడగడమో రాయాలంటే
ఇప్పటికీ పెన్ను ఆగుతుంది.
ఒక బస్సు వచ్చింది, మనుషుల్ని దింపింది.
దాన్ని పోనిచ్చాను.
దాని వెనకే వచ్చినదాన్ని కూడా.