చెమ్మచెక్క: మేలిమి పదహారు

నాజ్ సెంటర్లో కొన్నా, నూట పాతిక పెట్టి.
పూటన్నర తొడిమల కూలి.

అట్ట మీద పక్కపక్కనే నవ్వుతున్నారు
రోజ్‌లిన్, షమీమ్.
బాగా చూడండి:
ఒకామె నీడ ఎడమకి, ఇంకొకామెది కుడికి.
రెండు ఫొటోలు కోసి అతికించారు.
ఏడేళ్లుగా మాటల్లేవంట.

ఐనా మూడో పాట మొదలైందా,
రోజ్‌లిన్ ఊపిరి ఎక్కడ తెగుతుందో
షమీమ్‌కి తెలుసు.
తాడాటలో పిల్లలా దూకి అందుకుంటుంది.
కోల్డ్ స్టోరేజీ షెడ్డులో
నేనూ మా తోటికోడలు ధనకోటీ
అట్లాగే పాడేవాళ్లం.
ఘాటుకి నేను దగ్గితే తను,
తను తుమ్మితే నేను.
పాట మాత్రం కింద పడేది కాదు.

ఎనిమిదోది శుభ్రంగా ఉంది, మరీ శుభ్రంగా.
మా క్యాసెట్లో రెండో చరణం దగ్గర టేపు నలిగి
వాన అన్న మాట వా...న అని జారేది.
పెన్సిలు పెట్టి చుట్టీ చుట్టీ
ఆ జారుడే పాటనుకున్నాం.
ఇప్పుడు సరిగ్గా పాడుతుంటే
ఎవరో తప్పు పాడినట్టుంది.

ఒక్కటే కోపం.
ఏటుకూరు బస్సు పాట ఎందుకు తీసేశారు?
హిట్టు కాదంట!
ఎవరు లెక్కపెట్టారు?
మా షెడ్డుకొచ్చి అడిగారా,
మండే వేళ్లతో తాళం వేసిన నలభై మందిమి?

ధనకోటికిప్పుడు పాడే ఊపిరి లేదు.
పిల్లలు పడుకున్నాక ప్లేయరుకి ఇయర్‌ఫోన్లు తగిలించి
ఒకటి తన చెవిలో, ఒకటి నా చెవిలో.
కర్మం, స్టీరియో!
అటు రోజ్‌లిన్ ఒక్కతే, ఇటు షమీమ్ ఒక్కతే.
"ఇంకొకామె ఏదే?" అంది.
"నా దగ్గరుందిలే" అని
తల ఆనించా.