కొండెంగ కూత

అబహా కొండ మీద పొద్దుగాల
మొగులు రోడ్డు మీదికి దిగుతది.
చేతిల కట్టె కొస కూడ కనవడదు.
పచ్చ జాకెటు, రబ్బరు బూట్లు,
చెత్తడబ్బాల కాడ కోతుల్ని ఉరికిచ్చుడు,
గిదీ మున్సిపాలిటీల నా నౌకరి.

ఎడారి అనుకొని వచ్చిన.
ఇసుక కొడ్తదని మొకానికి తువ్వాల కొనుక్కున్న.
చూస్తే అడివి.
అర్అర్ చెట్లు, కొమ్మ కొమ్మకు
ముసలోళ్ల గడ్డాల లెక్క ఏలాడే పాచి,
పండ్లు టకటక కొట్టుకునే చలి.

ఈడి కోతులు మన కోతులు గావు.
కుక్కమూతి, భుజాల మీద వెండి జూలు,
కాల్చిన ఇటుక తీరు పిర్రలు.
ఒక మగదాని ఎనుక నాలుగు ఆడవి.
ఒకటి రెండడుగులు పక్కకు జరిగిందా,
ఉరికొచ్చి మెడ కొరికి తెచ్చుకుంటది.
"మన కఫీలు" అని నవ్విండు షఫీకుల్.
నాకు నవ్వు రాలే.
నా పాస్‌పోర్టు ఆయన బీరువలనే ఉన్నది.

కోరుట్లల నాకొక కొండెంగ ఉండె, మల్లిగాడు.
మసి మొకం, మనిషంత తోక.
సైకిలు క్యారేలు మీద దొర లెక్క కూసుండేది.
మక్కచేండ్ల పొంటి తిరిగేటోళ్లం,
నాకు దినానికి మూడు వందలు,
దానికి దోసెడు శనిగెలు.
ఒక్కపారి "హూప్" అన్నదంటే
ఎర్రమూతులన్నీ వాగవుతల.

ఫారెస్టోళ్లు జీపుల ఎక్కిచ్చుకొని పోయిండ్రు.
చట్టమట.
తలుపు సందుల తోక ఒక్కటి
మూలమలుపు దాక ఊగుకుంట పోయింది.
కడెం దిక్కు ఇడిసిండ్రని ఒకలు,
కవ్వాల్ల అని ఒకలు.
అక్కడ కొండెంగలు ఆకు సగం కొరికి సగం జారిడుస్తయి.
కింద దుప్పులు ఏరుకుంటయి.
పులి జాడ పైనోడు చెప్తడు,
కిందోడు చెవులు నిక్కవొడుస్తడు.
నడుమ ఏజెంటు లేడు.

మల్లిగాడు పోయినా కూత నా గొంతుల మిగిలింది.
మొన్న మొగుల్లకెళ్లి కూసిన,
హూప్... హూప్...

డబ్బా మీది ముసలి మగది ఆగింది.
నా దిక్కు మెల్లగ తిరిగింది.
దాని తాత ముత్తాతలెవ్వలు ఇనని కూత.
ఆవులించింది,
చిటికెన ఏలంత కోరపండ్లు కనవడేటట్టు.
మళ్ల కబ్సా పొట్లంల చెయ్యి వెట్టింది.
కింద రాలిన మెతుకులకు
మూడు పిల్లులు.

కట్టె లేపబుద్ధి గాలే.
సూపర్‌వైజరు ఫోన్ల అడిగితే
"ఉరికిచ్చిన సార్" అన్న.

మాపటికి అవి లోయ అంచుకు పోతయి.
నిలువు బండకు అతుక్కొని పంటయి,
పిల్ల తల్లి కడుపుల,
తల్లి మగదాని ఈపుకు.
మేం కంటైనర్ల పన్నెండు మందిమి,
రేకు సల్లగ తాకకుంట
ఒకని ఈపుకు ఒకడు.

షఫీకుల్ చీకట్ల మెడ తడుముకున్నడు.
చానసేపటికి అడిగిండు,
"పొద్దుగాల కూసినవు గదా, అది ఏం భాష?"

"తెలుగు" అన్న.