మొహం ఇటు తిరిగితే

డెబ్బై రెండు మగ్గులు.
అన్నిటికీ ఒకటే మొహం:
కళ్లకు చిల్లుల గంత, పక్కకి వాలిన టోపీ,
నవ్వుతుందో వెక్కిరిస్తుందో తేలని మూతి.
ఒంగోలు ఏజెంటు శాంసన్ తెచ్చిన ఆర్డరు.
ఏదో పాత ఇంగ్లీషు సినిమాలోదంట,
యుద్ధం, విమానాలు.
ఇట్టాంటివి కొని దాచుకునేవాళ్లు ఉంటారంట.
అందులో టీ కూడా తాగరంట.
"మరి మగ్గెందుకూ?" అంది మా అత్త గాలెమ్మ.

చవితి దాటితే మాలకొండయ్య షెడ్డులో పనుండదు.
అందుకే ఒప్పుకున్నాడు.
తొండాలు అతికించిన చేతులతోనే
పిడులు అతికించాం.
మొదటి వాయిలో పదకొండు పగిలాయి,
రెండో వాయిలో నాలుగు.
నా పని కళ్లు.
గంత చిల్లుల్లో రెండు నల్లచుక్కలు,
అన్నిటికన్నా సన్న బ్రష్షు,
చుక్క పడిందాకా ఊపిరి తీయకూడదు.

శాంసన్ ఫోనులో ఆ ముక్క చూపించాడు.
సైనికుల గది. పొయ్యి పైగూట్లో మగ్గు.
అది గోడకి తిరిగి ఉంటే ఆ రాత్రికి నిద్రే.
ఎవరో వస్తారు, పలకరించరు,
మొహాన్ని గదివైపు తిప్పి పోతారు.
పేకాట ఆగిపోతుంది.
తెల్లారితే ఎగరాలి.
ఎందరు పోవాలో మగ్గు చెబుతుంది,
ఎందరు వస్తారో దానికీ తెలీదు.

మా దొనకొండకీ ఒక రన్‌వే ఉంది.
యుద్ధం రోజుల్లో దొరలు వేయించింది.
ఇప్పుడు గొర్రెలు దిగుతాయి, గొర్రెలే లేస్తాయి.
అత్త వాళ్ల నాయన అక్కడ కంకర కొట్టాడు,
రోజుకి మూడణాలు.
"విమానం చూశాడా?" అని అడిగా.
"యాడ చూశాడు. నీడ చూశాడు.
తలెత్తితే మేస్త్రీ తిట్టేవోడంట."

ఒకదానికి పిడి వంకరపోయింది. శాంసన్ వద్దన్నాడు.
అత్త దాన్ని రైలుగేటు కాడ
తన టీ బంకులో, బిస్కెట్ సీసాల పైన పెట్టింది.
ట్యాంకరు డ్రైవరు తిరుపాలు ఫోను చేసేది ఆమెకే.
నీళ్లొచ్చే రోజు మగ్గు మొహం రోడ్డుకి,
రాని రోజు గోడకి.
ఎవరికీ చెప్పలేదు.
నాలుగు రోజుల్లో వీధి వీధంతా నేర్చుకుంది.
బడికి పోయే పిల్లలు తొంగిచూసి వెనక్కి పరుగెత్తేవాళ్లు:
"దొంగోడు ఇటు చూస్తన్నాడోయ్!"
ఇక బిందెలే బిందెలు.

మే నెలలో ఒకరోజు
మొహం ఇటు తిరిగింది.
పొద్దునే వరస కట్టాం.
ఎండ బిందెల మీదనుంచి జరిగి
వెనకున్నోళ్ల పాదాల మీదకొచ్చింది.
సాయంత్రం ప్యాసింజరు పోయింది.
పాత బిల్లులు రాలేదని
ట్యాంకర్లన్నీ పొదిలిలోనే ఆపేశారని
రాత్రి ఎనిమిదికి తెలిసింది.
బిందెలు ఎవరివి వాళ్లు తీసుకుపోయారు,
చప్పుడు చేయకుండా.
మగ్గు మాత్రం రోడ్డుకేసే చూస్తా ఉంది.
"తిప్పేయొచ్చు గదత్తా."
"తిప్పితే రాదని మనమే ఒప్పుకున్నట్టు గదే."
మూడు రోజులు అట్టాగే ఉంచింది.

నాలుగోరోజు నీళ్లొచ్చాయి.
తిరుపాలు బంకు ముందు బండి ఆపి,
దిగకుండానే, మగ్గు వైపు చూసి
తల దించుకున్నాడు.

గడ్డిలో చుట్టి పెట్టెలకెత్తాం,
డెబ్బై ఒకటి. బిల్లులో అట్టాగే రాశారు.
అన్నీ నేరుగా చూస్తాయి,
నమూనాలో ఉన్నట్టే.
ఒక్కదానికి మాత్రం
చుక్కలు కాస్త పైకి పెట్టాను,
తలెత్తినట్టు.
శాంసన్ గమనించలేదు.
ఏ దేశంలో ఏ అద్దాల బీరువాలో ఉందో అది.
గోడకి తిప్పి పెట్టుంటారేమో,
తెలీక.