పదికి ఎన్ని

ఫారానికి నలభై రూపాయలు.
కవిటి మండలంలో ముప్ఫై ఇళ్లు నా వంతు.
ట్యాబులో పదిహేడో ప్రశ్న:
మీరు ఎంత సంతోషంగా ఉన్నారు?
సున్నా నుంచి పది దాకా ఒక అంకె చెప్పండి.

జీడిపిక్కల షెడ్డు దగ్గర మోహిని
నల్లబడ్డ వేళ్లు చూసుకుని
"పక్కింటిది ఎంత సెప్పింది?" అంది.
ఆరు అన్నాను.
"అయితే నాకు ఏడు ఎయ్యి."

అరుగు మీది ముసలాయన
చెవి దగ్గర చెయ్యి పెట్టి రెండుసార్లు చదివించుకున్నాడు.
"పది అంటే పింఛను తీసీస్తారేటి?"
తియ్యరు తాతా.
"ఏమో. నాలుగే రాసీ. ఎందుకొచ్చిన గొడవ."

ఎండ కొబ్బరి మట్టల్లోంచి
చిల్లులు చిల్లులుగా పడే వేళకి
లోకనాథం గారింటికి చేరాను.
వారానికి రెండు రోజులు
సోంపేట వెళ్లి రక్తం కడిగించుకుని వస్తాడాయన.
మిగతా రోజులు నీళ్లు లెక్కపెడతాడు.
గూట్లో సిరప్పు సీసా, దాని మీద మేకుతో గీసిన గీతలు:
పొద్దుటికింత, మాత్రలకింత,
రాత్రి గొంతెండితే ఇంత.

ఎడమ చేతి మీద తాడులా లేచిన నరం.
మనవరాలు దానికి చెవి ఆనించి
"మోటారు ఆడతంది" అంది,
నన్నూ వినమంది.
విన్నాను.
నిజమే, ఎక్కడో దూరాన ఎవరో చేను తడుపుతున్నట్టుంది.

ప్రశ్న చదివాను.
నవ్వలేదు, కోప్పడలేదు.
"ఎండన పడొచ్చినావు. ముందు కూకో.
దమయంతీ, గుంటకి ఓ బొండం కొట్టు."

వద్దన్నాను.
కొబ్బరినీళ్లు ఆయనకి విషమని
ఆ వీధిలో పసిపిల్లలకీ తెలుసు.
ఆయన ఎదురుగా తాగడమంటే...
నా మాట ఎవరూ వినలేదు.
కత్తి మూడుసార్లు పడింది.

ఎత్తి పోసుకున్నాను.
గడ్డం మీంచి కారి చున్నీ తడిసింది.
ముగించేస్తే చాలని గటగట మింగుతుంటే
"మెల్లిగా తాగు. ఎవులు తరుముతన్నారు?"

అప్పుడు ఆగి, నాలుక మీద ఉంచుకున్నాను.
చల్లగా, రవంత ఉప్పగా, ఆ తర్వాత తీపి.

ఆయన నా గొంతు వైపే చూస్తున్నాడు.
నా గుటక గుటకకీ
ఆయన మెడలో ముడి పైకీ కిందికీ.
"తియ్యగుందా?"
ఉంది.
"ఏ చెట్టుదే అది?"
"నూతి కాడ వొంగిపోనాది, దాందే" అంది దమయంతి.
"అదీ!" అని తొడ చరిచాడు.
"పెద్ద తుపానుకి డెబ్బై చెట్లు పడిపోనాయి.
దాన్ని మోకులు కట్టి నానే లేపినాను.
బతకదన్నారు అందరూ.
తాగు, ఇంకా తాగు. అసలు తీపి అడుగునుంటాది."

ఉబ్బిన కళ్లు, పొరలు లేచిన పెదాలు.
ఆ ముఖంతోనే
దాహం తీరిన మనిషిలాగ
గోడకి వెనక్కి వాలి కూచున్నాడు.

బొండం చెక్కనే చెంచా చేసి
మీగడ గీకి పెడుతూ దమయంతి గొణిగింది:
"ఇదో పిచ్చి ఈ మడిసికి.
దారినెల్లినోలందరికీ కొట్టించడమే.
నాలుగు కాయలు అమ్ముకుందామని నేదు."

నల్లబడ్డ ట్యాబుని వేలితో తాకితే
పదిహేడో ప్రశ్న మళ్లీ వెలిగింది.
అంకె వెయ్యకపోతే తర్వాతి పేజీ తెరుచుకోదు.
"నువ్వెంత ఏసుకున్నావు?" అని అడిగాడు.

ముప్ఫై ఇళ్లలో నన్నడిగినవాళ్లు లేరు.
చున్నీ కొస పిండుకుంటూ నిలబడ్డాను.

కంచిలి ఆటోలో సర్దుకుని కూచున్నాను.
ఆ ఫారం సగంలోనే ఉంది, నలభై పోయినట్టే.
వద్దంటున్నా ఇంకో బొండం ఒళ్లో పెట్టి పంపారు.
గతుకు గతుకుకీ
లోపల నీళ్లు కదులుతున్నాయి.