నలభై గంటలు

పెట్టె విప్పంగనే రబ్బరు వాసన.
కొత్త చెప్పులు మడిమెను కరిచినట్టు
చెవుల వెనుక కరిచినయి.
బేరమాడంగ రెండు వేల మూడు వందలు.

కొత్తవాడల షత్రంజీలు నేసే సాంబలక్ష్మవ్వ
తొమ్మిది గంటల ముచ్చట చెప్పింది నాకు.
అదంత మాటకు మాట కాయితం మీదికి దింపాలె,
పేజీకి ఇరవై రూపాయలు, నెలాఖరు లోపట.

మొదటి రాత్రి
అవ్వ గొంతు రేకు డబ్బాలకెల్లి వచ్చింది.
‘స’ అన్నకాడల్లా సూది.
మగ్గం దెబ్బకు బరువు లేదు,
అట్టముక్క మీద కొట్టినట్టు.
అది చాలదని కుడిచెవిల ఒక గిరగిర,
తుమ్మెద ఇరుక్కున్నట్టు,
పదకొండో నిమిషంల మొదలై
ఆగుతది, మల్ల లేస్తది.

హన్మకొండ చౌరస్తాకు పట్టుకపోయిన.
యాకూబ్ పాషా బిల్లు చూడలే,
నా మొకం చూసిండు.
“కొత్తది గదా, బిగుసుకోని ఉంటది.
నలభై గంటలు మోగనియ్యి,
లోపలి పొర సాగాలె.
అప్పటికీ గిరగిరమంటే తీసుకరా, మార్చిస్త.”

మోగనిచ్చిన.
పగలంత తొడుక్కొని రాసుకుంట,
రాత్రి ఫోనుతో సహా బియ్యం డబ్బాల పెట్టి మూతేసి,
పక్క రూము నాగజ్యోతి గోడ కొట్టకుంట.
చీకట్ల బియ్యానికి అవ్వ చెప్పుకుంట పోయింది
రంగు కుండల సంగతి, అప్పుల సంగతి.
క్యాలెండరు వెనుక గీతలు గీసిన:
పది, ఇరవై రెండు, ముప్పై ఒకటి.
పొద్దుగాల ఎసరు పెడితే
ఈ గింజలు నాకంటె ఎక్కువ విన్నయని నవ్వొచ్చింది.

నిజమే, ఇప్పింది.
గొంతు కింద ఒక అర్ర తెరుచుకున్నది.
మగ్గం దెబ్బకు నేల దొరికింది.
జవాబుకు ముందు అవ్వ మింగిన గుటక,
“సొసైటీ మూతపడ్డ యేడు” అని
అక్కడ ఆగి, పంటితోటి దారం తెంపిన చప్పుడు.
గిరగిర లేదు.
పాషాకు మనసుల సలాం చేసిన.
రాసినయి డెబ్బై ఆరు కాయితాలు.

చదివి వినిపిద్దామని పోతే
నా గొంతు నేనే వింట అన్నది.
కొంగు పక్కకు జరిపి పెట్టిన.
వదులైతే రెండు చేతులతోటి ఒత్తిపట్టుకున్నది.
కండ్లు మూయలే, పడుగు దిక్కే చూస్తంది.
పదకొండో నిమిషంల
గిర్రున వంటింటి దిక్కు తిరిగింది.
“అగో, మూత కొట్టుకుంటంది.
ఆ రోజు పప్పు అడుగంటింది బిడ్డా,
నీ ముచ్చట్ల వడి.”

బస్సుల నిలబడి మల్ల విన్న.
ఎంజీఎం దాటినంక దొరికింది,
కుడిదిక్కు, సన్నగ,
మొదటి రాత్రి ఉన్నకాడనే.
యాకూబ్ పాషా చెప్పిన పొర
ఎవరి లోపలిదో అడగలే.

రూముకు వచ్చి
నాలుగో పేజీ తీసి,
సొసైటీ అన్న మాట పక్కన
ఉన్న జాగల ఇరికించి రాసిన:
పొయ్యి మీద పప్పు. మూత చప్పుడు.