బకెట్లు రెండు

గుత్తికీ గుంతకల్లుకీ నడమ
నూటపద్నాలుగో గేటు నాది.
చెట్టు లేదు.
చెట్టు ఉండాల్సిన చోట సిగ్నల్ స్తంభం ఉంది,
దాని నీడ నా జడంత సన్నం.

క్యాబిన్ గోడకు రెండు కొక్కేలు,
రెండు ఎర్ర బకెట్లు, గుండ్రని అడుగువి.
నేల మీద పెడితే నిలబడవు,
తాగినోని మాదిరి ఒరిగిపోతాయి.
రెండిట్లోనూ ఇసుక. అగ్గి వస్తే చల్లాలంట.
పదకొండేండ్లలో అగ్గి రాలేదు,
వచ్చిందల్లా ఎండ.

ఉగాది పోయినాక ఒకదాని అడుగు తుప్పుకు రాలింది.
రాత్రికి రాత్రి ఇసుకంతా జారి
పొద్దున చూస్తే గోడ కింద కుప్ప.
"కండెం రాసేయ్" అన్యాడు కీమ్యాన్ ఖాసిం వలి.
రాస్తే తీసుకపోతారు. రాయలేదు.
"అయితే ఆ బొక్కకు ఇంకో రెండు తోడిస్తా" అని
సుత్తితో రెండు దెబ్బలేసి పోయినాడు
పట్టాల వెంట, బోల్టుల్ని పలకరించుకుంటా.

అడుగున పట్టాల కంకర రెండు గుప్పిళ్ళు.
రైల్వే ఆస్తే, రైల్వే బకెట్లోకే పోయింది.
ఇనుము కాగితే వేర్లు ఉడికిపోతాయని
లోపల చుట్టూ గోనెపట్టా తడిపి పరిచినా.
మా నల్లరేగడి ఒక్కటే పోస్తే
నెర్రెలిచ్చి మొక్కను పిండేస్తుంది.
అందుకని ఎర్రమన్ను ఒక చేట,
కారిపోయిన ఇసుక ఒక చేట,
బీరప్ప గొర్రెలు గేటు దాటుతా దాటుతా
వదిలిపోయిన పెంటికలు, దంచి, ఒక చేట.

ఒక్క మొక్కా కొన్నది కాదు.
కోడిజుట్టు విత్తనం లచ్చుమక్క కొంగున ముడేసి తెచ్చింది.
బిళ్ళగన్నేరు ఆస్పత్రి గోడ పగుల్లో దొరికింది,
లాగితే వేరుతో సహా వచ్చింది,
నాతో రావాలనే కాసుకోనున్నట్టు.
టేబుల్ రోజు మాత్రం పోస్టాఫీసు వరండాలో అడుక్కున్నా.
చిటికెన వేలంత కొమ్మ, గుచ్చితే చాలు.
ఆ పేరు ఎవరు పెట్టినారో,
నా గేటుకాడ టేబులే లేదు.

నిలబడేది నడమ, కూర్చునేది చుట్టూ,
జారేది అంచున.
పెండ్లిలో ఫోటోకు సర్దినట్టు సర్దినా,
వెనకోళ్ళ మొగాలు కనపడాల కదా.

నీళ్ళ డ్రమ్ము రెండు రోజులకొకటి వస్తుంది.
తాగేది, వండేది పోను
బియ్యం కడిగినవి చెంబుడు మిగుల్తాయి.
మధ్యాన్నం పోస్తే మొక్కలు చస్తాయి.
మొదటివారం కోడిజుట్టు తల వాల్చేసింది.
తిట్టినా దాన్ని, శానా మాటలన్యా.
నాలుగో రోజుకు రోంత లేచింది.
తిట్లకు కాదులే.

నడి మేలో, రేకు తాకితే చెయ్యి కాలే రోజున,
తొమ్మిదింటికి టేబుల్ రోజు విప్పుకునింది.
గులాబి, పసుపు, ఇంకొకటి
పేరు తెలీని రంగు, చీరల అంగట్లో చూసినా ఎప్పుడో.
మూడుకు మూసుకునింది.
మరుసటి రోజూ అంతే.
టేబుల్ లేదన్యానా, టైంటేబుల్ ఉంది దానికి,
మా రైళ్ళ మాదిరి కాదు.

గేటు పడితే హారన్ కొట్టేవాళ్ళు ఇప్పుడూ కొడతారు.
కానీ ఒకనాడు ఆటోలోంచి ఒకామె దిగి
కొంగు నెత్తికేసుకోని నా తావకొచ్చి
"ఒక కొమ్మ ఇస్తావా అక్కా" అనింది.
గేటు లేచేలోపు తడిగుడ్డలో చుట్టి ఇచ్చినా.
ఏ ఊరో అడగలేదు.

సారు ట్రాలీ మీద వచ్చి ఆగినాడు.
బకెట్ చూసినాడు. నన్ను చూసినాడు.
ఎర్ర పెయింటు మీద తెల్లగా ఫైర్ అని ఉంది,
దాని పైన కోడిజుట్టు అంటుకున్నట్టే ఉంది.
"అగ్గి పడితే ఏం చల్లుతావమ్మా?"
రెండోది ఉంది సార్, అన్యా.
నవ్వలేదు. కాగితంలో ఏమో రాసుకున్నాడు.
ఏం రాసినాడో ఇంగా తెలీదు.

సాయంత్రం ఆరుకు తిక్కస్వామి వస్తాడు,
సైకిల్ గోడకానించి.
నేను రిజిస్టరు చదువుతా, ఆయన చూసి తలూపుతాడు.
ఎర్రజెండాలు రెండు, పచ్చజెండా ఒకటి,
పటాకీలు పది, చేతిదీపాలు రెండు,
బకెట్లు రెండు.
"ఒకదాంట్లో ఇసుక లేదే" అంటాడు రోజూ.
"ఉంది, మూడో వంతు" అంటా నేనూ రోజూ.
సంతకం పెడతాడు.
పట్టాలు దాటినాక వెనక్కి తిరిగి అరుస్తా:
తెల్లారి గూడ్సు పోయినాక, చెంబుడే!
పూల మీద కాదు, మొదట్లో!