మోకాలి కొద్దీ

ఫాల్ రివర్, అక్టోబరు, మూడో అంతస్తు.
దియొలిండా కుడి మోకాలి మీద
ఇరవై ఆరు కుట్లు లెక్కపెట్టాను.
ఎంతవరకు వంగితే చాలు మీకు? అని అడగడం నా ఉద్యోగం.
మెట్లెక్కాలంటారు, చర్చిలో మోకరిల్లాలంటారు అందరూ.
ఈమె అంది:
"ఫిల్యోష్ చేసేంత."

నా మొహం చూసి
ఒళ్ళో తువ్వాలు ఎడమ మోకాలి మీద పరుచుకుని
లేని పిండిముద్దను చిప్ప మీద పెట్టి
అంచులు పట్టి కిందికి, ఇంకా కిందికి లాగింది.
నడుమ ఉల్లిపొర. చుట్టూ మందం.
"మా బైరాలో ఇంతే. అమ్మది ఇంకా గుండ్రటి మోకాలు."

పిండి కొద్దీ రొట్టె అంటారు మావాళ్ళు.

కింది అంతస్తు ఇదలీనా సావ్ మిగెల్ ద్వీపం మనిషి.
ఆమెవి మలసాదాలు. చేతుల్లోనే సాగదీసి
నూనెలోకి జారవిడిచి, పంచదారలో దొర్లించి,
అదీ ఉపవాసాలకు ముందు మంగళవారమే.
క్రిస్మస్‌కి చేసేవాళ్ళంటే ఆమెకి జాలి.
"మోకాలున్నది దేవుడి ముందు వంగడానికి, వంటకా?"
మదీరా మరదలు ఫిలొమెనా అయితే
చెరుకుపాకం పొయ్యనిదాన్ని
తిండి కిందే జమకట్టదు.

నవంబరు. అరవై ఎనిమిది డిగ్రీలు.
నొప్పి పదికి ఎంత?
"ఉత్తరాన కొండల వాళ్ళు పిండిలో గుమ్మడికాయ కలుపుతారే,
అంత."
తొమ్మిది అని రాసుకున్నాను.

డిసెంబరు ఇరవై నాలుగు. తొంభై ఒకటి!
కంబళి కింద పిండి పొంగి ఉంది,
దాని మీద వేలితో గీసిన శిలువ సాగి సాగి చెరిగిపోయింది.
నారింజ వాసన, సారా వాసన, కిటికీకి మంచు.
కొత్త మోకాలి మీద తువ్వాలు పరిచింది.
ముద్ద పెట్టింది. లాగింది.
ఆగింది.
"ఆనుతున్నట్టే తెలీడం లేదు," అంది,
"ఎవరి మోకాలో ఇది."
ఎడమదానికి మార్చబోతే అది వణికింది.
మొదటిది చిరిగి నా వాటాకొచ్చింది.

గుమ్మంలో ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో ఇదలీనా,
స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని
ఆ తువ్వాలు తీసి తన మోకాలి మీద వేసుకుంది.
"కానీ."
నాలుగు చేతులు, ఒక చిప్ప.

నా టాబ్లెట్ తెర మీద పంచదార, దాల్చినచెక్క పొడి.
లక్ష్యం నెరవేరిందా అన్న గడి ఖాళీగా అడుగుతోంది.
నోరు నిండా ఉంది నాకు.

ముప్పయ్యోది నూనెలో తేలుతుండగా
ఇదలీనా తలెత్తకుండానే అంది:
"నేను మాత్రం వీటిని
మలసాదాలనే అంటాను."